వడ్డించేవాడు ఎవరివాడు? రైలు రేట్ల నుంచి నెట్ న్యూట్రాలిటీ దాకా



"ఇంటర్నెట్‌లో అందరి సమాచారాన్నీ సమానంగా చూడాలని చట్టం చేయాలా? చర్చించండి." ఈ ప్రశ్నకు రాసే జవాబుల్లో తరచూ ఒక వాక్యం కనిపిస్తుంది: "2016లో ట్రాయ్ నెట్ న్యూట్రాలిటీ చట్టం చేసింది." ఈ ఒక్క వాక్యంలో రెండు తప్పులున్నాయి. చట్టం చేసేది పార్లమెంటు, ట్రాయ్ కాదు. 2016లో వచ్చింది కూడా పూర్తి నెట్ న్యూట్రాలిటీ కాదు, ధరల విషయంలో ఒక నిబంధన మాత్రమే.

ఇది మార్కుల కోసం పట్టుకునే చిన్న తప్పు అనుకోకండి. చట్టం, నిబంధన, లైసెన్సు షరతు అనే మూడింటి మధ్య తేడాలోనే ఈ ప్రశ్నకు సమాధానం ఉంది. ఆ తేడా అర్థం కావాలంటే ఇంటర్నెట్ పుట్టకముందు నుంచీ మొదలుపెట్టాలి. ఇంకో మాట. మీరు ఈ వ్యాసం చదువుతున్నది బహుశా రోజువారీ డేటా ప్యాక్ మీద. పెద్ద కోచింగ్ సంస్థ వీడియో ఎంత వేగంగా తెరుచుకుంటుందో, ఇలాంటి చిన్న బ్లాగు కూడా అంతే వేగంగా, అదే ధరకు తెరుచుకుంటోంది. అది దానంతట అదే జరగలేదు. 2015లో దాని మీద పెద్ద పోరాటమే జరిగింది.

ముందు ప్రశ్నను అర్థం చేసుకుందాం

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఈ సామెతను తిరగేసి చూడండి. వడ్డించేవాడు మనవాడు కాకపోతే మొదటి పంక్తిలో కూర్చున్నా విస్తరి ఖాళీగానే ఉండొచ్చు. ఇంటర్నెట్‌లో వడ్డించేవాడు టెలికాం కంపెనీ. వంట చేసేవాళ్లు వెబ్‌సైట్లు, యాప్‌లు. తినేవాళ్లం మనం. వడ్డించేవాడు ఎవరి పక్షమూ వహించకూడదన్న సూత్రమే నెట్ న్యూట్రాలిటీ. ఈ పదాన్ని 2003లో అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు టిమ్ వూ ప్రచారంలోకి తెచ్చారు.

వడ్డించేవాడు పక్షపాతం చూపడానికి మూడు దారులున్నాయి. ఒకటి, ఒక సైట్‌ను పూర్తిగా ఆపేయడం. రెండు, దాని వేగం తగ్గించడం లేదా పోటీదారు వేగం పెంచడం. మూడు, ధరలో తేడా చూపడం, అంటే ఒక యాప్‌కు డేటా ఉచితం, మరో యాప్‌కు మామూలు చార్జీ. మూడో దారి పైకి పక్షపాతంలా కనిపించదు, బహుమతిలా కనిపిస్తుంది. మన దేశంలో అసలు గొడవ దాని మీదే మొదలైంది.

సమానత్వం అంటే ప్రతి ప్యాకెట్టూ ఒకే వేగంతో వెళ్లాలని కాదు. తంతి రోజులు గుర్తుచేసుకోండి. ఆర్డినరీ టెలిగ్రాం ఉండేది, ఎక్స్‌ప్రెస్ టెలిగ్రాం ఉండేది. ఎక్స్‌ప్రెస్‌కు రుసుము ఎక్కువ. అయితే ఆ రుసుము కట్టిన ఎవరి తంతి అయినా ఎక్స్‌ప్రెస్‌గానే వెళ్లేది. ఫలానా వ్యాపారి తంతి అయితేనే ముందు పంపుతామనే పద్ధతి లేదు. సేవల మధ్య తేడా వేరు, మనుషుల మధ్య తేడా వేరు. ఈ గీతను గుర్తుపెట్టుకోండి, వ్యాసమంతా దాని మీదే నడుస్తుంది.

పాత పాఠం: తపాలా, రైలు

1854 తపాలా సంస్కరణతో మన దేశంలో దూరంతో సంబంధం లేకుండా ఉత్తరానికి ఒకే రుసుము వచ్చింది. పావు తులం లోపు బరువున్న ఉత్తరానికి అర్ధణా. ఉత్తరం రాసింది జమీందారా, కూలీయా అని తపాలా శాఖ అడగలేదు. బరువు చూసింది, బిళ్ల చూసింది, పంపింది. మోసేవాడు మోతకు మాత్రమే బాధ్యుడన్న భావన మనకు అలా అలవాటైంది.

రైల్వేలో కథ వేరుగా నడిచింది. 1890 భారతీయ రైల్వే చట్టంలోని 42వ సెక్షన్ ఏ వ్యక్తికీ అనుచిత ప్రాధాన్యం ఇవ్వకూడదని రైల్వే సంస్థలను ఆదేశించింది. ఇంగ్లండ్‌లో 1854 నాటి రైల్వే, కాలువల రవాణా చట్టంలోని సూత్రమే ఇక్కడికి వచ్చింది. అంటే రవాణాలో సమానత్వం మన చట్టాల్లోకి వచ్చి 130 ఏళ్లు దాటింది.

మరి జరిగిందేమిటి? ఆధునిక భారత చరిత్రలో మీరు చదివే ఉంటారు. దేశం లోపలి నుంచి రేవుకు వెళ్లే ముడి సరుకుకు, రేవు నుంచి లోపలికి వచ్చే విదేశీ సరుకుకు రేట్లు తక్కువ. లోపలి ఊరి నుంచి మరో లోపలి ఊరికి వెళ్లే సరుకుకు రేట్లు ఎక్కువ. పత్తి బొంబాయి రేవుకు చౌకగా చేరేది, దేశంలోని మిల్లుకు చేరడం ఖరీదయ్యేది. పరిశ్రమలు రేవు పట్టణాల్లో పోగుపడటానికి ఇదొక కారణమని జాతీయవాదులు దశాబ్దాల పాటు విమర్శించారు. 1916–18 నాటి భారత పారిశ్రామిక కమిషన్ ముందు కూడా ఈ ఫిర్యాదు వచ్చింది.

చట్టంలో సమానత్వం రాసి ఉండగానే ఇదంతా జరిగింది. ఎందుకని? మొదటిది, చట్టం నిషేధించింది "అనుచిత" ప్రాధాన్యాన్నే. రేట్లలో పక్షపాతం వ్యక్తుల పేరుతో కాక మార్గాల పేరుతో, సరుకుల పేరుతో వచ్చింది. రెండోది, మామూలు వ్యాపారి తేలిగ్గా వెళ్లి ఫిర్యాదు చేసుకునే శాశ్వత వేదిక లేదు. 1920–21లో అక్వర్త్ కమిటీ రేట్ల ట్రిబ్యునల్ ఉండాలంది. ప్రభుత్వం 1926లో సలహా కమిటీతో సరిపెట్టింది. అధికారం ఉన్న రైల్వే రేట్ల ట్రిబ్యునల్ స్వాతంత్య్రం తర్వాత, 1949లో వచ్చింది. సూత్రం రాసిన రోజుకూ దానికి చేతులు మొలిచిన రోజుకూ మధ్య దాదాపు 60 ఏళ్లు గడిచాయి.

రైల్వే చరిత్ర నేర్పే పాఠం ఇది: అమలు చేసే సంస్థ లేని చట్టం కాగితంగానే మిగులుతుంది. ఇంటర్నెట్ విషయంలో మన సమస్య దీనికి సరిగ్గా తలకిందులు. మనకు సంస్థ ఉంది. చట్టంలో సూత్రమే లేదు.

1995 నుంచి 2014 వరకు

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ సేవ ప్రారంభించింది. ట్రాయ్ చట్టం 1997లో, వివాదాల పరిష్కారానికి టీడీశాట్ 2000లో వచ్చాయి. 1999 నాటి టెలికాం టారిఫ్ ఉత్తర్వులో ఒకే తరగతి చందాదారుల మధ్య వివక్ష కూడదన్న నియమం ఉంది. అయితే అది చందాదారుల మధ్య సమానత్వం. వెబ్‌సైట్ల మధ్య సమానత్వం గురించి అప్పటికి ఎవరూ పెద్దగా ఆలోచించలేదు.

అలాగని వివక్ష లేదనుకోకండి. 2002 ఏప్రిల్ 1 వరకు మన దేశంలో ఇంటర్నెట్ ద్వారా ఫోన్ మాట్లాడటానికి అనుమతి లేదు. విదేశీ కాల్స్ మీద విదేశ్ సంచార్ నిగమ్‌కు గుత్తాధిపత్యం ఉన్న కాలమది. చౌక మార్గం తెరిస్తే ఖరీదైన మార్గానికి గండి పడుతుంది. ఆ గుత్తాధిపత్యం ముగిసినప్పుడే ఇంటర్నెట్ కాల్స్‌కు తలుపు తెరుచుకుంది.

పన్నెండేళ్ల తర్వాత ఇదే కథ ప్రైవేటు రంగంలో తిరిగి వచ్చింది. 2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ ఇంటర్నెట్ కాల్స్‌కు మామూలు డేటా ప్యాక్ వర్తించదని, వేరుగా చార్జీ ఉంటుందని ప్రకటించింది. విమర్శలు రావడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. కంపెనీ వాదన తెలిసిందే: స్పెక్ట్రమ్‌కు వేల కోట్లు కట్టేది మేము, మా తీగల మీద మా కాల్ ఆదాయాన్నే తినేసేది యాప్‌లు. ఈ వాదనలో పస లేదని కొట్టిపారేయకండి. జవాబులో దీనికి చోటు ఇవ్వాలి.

2015: ఒక ఏడాది పోరాటం

2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కలిసి ఇంటర్నెట్.ఆర్గ్ సేవను ప్రారంభించాయి. మొదట ఎంచుకున్న ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. డేటా ప్యాక్ లేకపోయినా కొన్ని ఎంపిక చేసిన సైట్లు ఉచితంగా చూడొచ్చు. మిగతా ఇంటర్నెట్ కావాలంటే డబ్బు కట్టాలి.

మార్చి 27న ట్రాయ్ ఓటీటీ సేవల నియంత్రణ మీద సంప్రదింపుల పత్రం విడుదల చేసింది. అందులో 20 ప్రశ్నలున్నాయి. మామూలుగా ఇలాంటి పత్రాలకు కంపెనీలు, సంఘాలు జవాబులిస్తాయి, సామాన్యుడు చదవడు. ఈసారి అలా జరగలేదు. స్వచ్ఛంద కార్యకర్తలు పత్రాన్ని సులభమైన భాషలోకి మార్చి, జవాబు పంపే మార్గం చూపించారు. ఏప్రిల్ 24 గడువు నాటికి ట్రాయ్‌కు 10 లక్షలకు పైగా ఈమెయిళ్లు చేరాయి.

అదే ఏప్రిల్‌లో ఎయిర్‌టెల్ జీరో అనే పథకం వచ్చింది. యాప్ కంపెనీ డబ్బు కడితే వినియోగదారుడికి ఆ యాప్ డేటా ఉచితం. ఇందులో చేరాలనుకున్న ఫ్లిప్‌కార్ట్ విమర్శల మధ్య తప్పుకుంది. ఇంటర్నెట్.ఆర్గ్ నుంచి క్లియర్‌ట్రిప్, ఎన్డీటీవీ వంటి సంస్థలు బయటికి వచ్చాయి. సెప్టెంబరులో ఇంటర్నెట్.ఆర్గ్ ఉచిత సేవ పేరు ఫ్రీ బేసిక్స్‌గా మారింది.

ఈలోగా టెలికాం శాఖ కమిటీ నివేదిక వచ్చింది. నెట్ న్యూట్రాలిటీ మూల సూత్రాలను పాటించాలని చెబుతూనే, దేశంలోపలి ఇంటర్నెట్ కాల్స్‌ను మాత్రం నియంత్రణ కిందికి తేవాలని సూచించింది. డిసెంబరు 9న ట్రాయ్ రెండో పత్రం తెచ్చింది. ఈసారి విషయం ఒక్కటే: డేటాకు వేర్వేరు ధరలు ఉండొచ్చా?

ఫ్రీ బేసిక్స్ వాదనను న్యాయంగా చూద్దాం

2015 మార్చి నాటికి దేశంలో ఇంటర్నెట్ చందాదారులు సుమారు 30 కోట్లు. మిగతా కోట్లాది మందికి ఏమీ లేకపోవడం కంటే కొంచెమైనా ఉండటం మేలు కదా అన్నది ఫేస్‌బుక్ వాదన. ప్రజా గ్రంథాలయంలో అన్ని పుస్తకాలూ ఉండవు, అయినా అది మంచి చేస్తుంది. ప్రభుత్వ ఆస్పత్రిలో అన్ని చికిత్సలూ ఉండవు, అయినా ప్రాణాలు కాపాడుతుంది అన్న పోలికను మార్క్ జుకర్‌బర్గ్ తెచ్చారు. సాంకేతిక షరతులు పాటిస్తే ఏ సైటైనా చేరొచ్చని కూడా సంస్థ చెప్పింది.

ఈ వాదనను "పేదల పేరుతో వ్యాపారం" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. పేదవాడికి మొదటి మెట్టు కావాలన్నది నిజమైన అవసరం. ప్రశ్న మరోచోట ఉంది. గ్రంథాలయంలో పుస్తకాలు ఎంపిక చేసేవాడు పుస్తకాలు అమ్ముకునేవాడు కాకూడదు. ఫ్రీ బేసిక్స్‌లో షరతులు రాసింది, దారి మధ్యలో నిలబడింది, ఆ దారి మీదే సొంత సేవ నడిపింది ఒకే సంస్థ. మొదటిసారి ఇంటర్నెట్ చూసినవాడు ఆ గదినే ఊరు అనుకుంటే, ఊళ్లో కొత్తగా కొట్టు పెట్టినవాడి గతి ఏమిటి?

పొరుగు దేశాల వైపు చూడండి. పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలో ఈ సేవ 2015లోనే మొదలైంది. మయన్మార్‌లో 2016లో వచ్చింది. మయన్మార్‌లో ఎక్కువ మందికి ఫేస్‌బుక్ అంటేనే ఇంటర్నెట్ అని 2018లో ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం గుర్తించింది. దానికి ఫ్రీ బేసిక్స్ ఒక్కటే కారణమనడం తప్పు. కానీ ఒక వేదికే మొత్తం ఇంటర్నెట్‌గా మారితే ద్వేష ప్రచారానికి అడ్డు చెప్పే ఇతర గొంతులు ఎంత బలహీనమవుతాయో ఆ దేశ అనుభవం చూపించింది.

పేదవాడికి సాయం చేయడానికి వేరే దారి కూడా ఉంది. 2016 డిసెంబరులో ట్రాయ్ ఒక సిఫారసు చేసింది: గ్రామీణ చందాదారులకు నెలకు 100 ఎంబీ డేటా ఉచితంగా ఇవ్వండి, ఖర్చు సార్వత్రిక సేవా నిధి నుంచి భరించండి. ఆ 100 ఎంబీతో ఏ సైట్ చూడాలో మనిషే నిర్ణయించుకుంటాడు. రేషన్ కార్డు ఇచ్చి "ఫలానా కంపెనీ బియ్యమే కొనాలి" అనడానికీ, చేతికి డబ్బిచ్చి "నీకు నచ్చింది కొనుక్కో" అనడానికీ ఉన్న తేడా ఇది. ఈ ఉదాహరణ జవాబులో తప్పక వాడండి.

2016, 2018: మనకు నిజంగా వచ్చిందేమిటి?

2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ డేటా సేవల వివక్షాపూరిత టారిఫ్‌ల నిషేధ నిబంధనలను ప్రకటించింది. కంటెంట్‌ను బట్టి డేటా ధర మార్చకూడదు. ఉల్లంఘిస్తే రోజుకు 50 వేల రూపాయలు, గరిష్ఠంగా 50 లక్షల జరిమానా. అత్యవసర సేవలకు, తీవ్రమైన ప్రజా అత్యవసర పరిస్థితులకు మినహాయింపు ఇచ్చింది. మూడు రోజుల తర్వాత ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్‌ను మన దేశంలో ఉపసంహరించుకుంది.

ఇది పక్షపాతపు మూడో దారిని, అంటే ధరను మాత్రమే మూసింది. టారిఫ్ మీద ట్రాయ్‌కు నేరుగా అధికారం ఉంది కనుక నిబంధన చేయగలిగింది. ఆపడం, నెమ్మదింపజేయడం అనే మిగతా రెండు దారుల విషయంలో ట్రాయ్ సిఫారసు మాత్రమే చేయగలదు. ఎందుకంటే లైసెన్సు ఇచ్చేది టెలికాం శాఖ. 2017 నవంబరు 28న ట్రాయ్ సిఫారసులు ఇచ్చింది. 2018 జులైలో ప్రభుత్వం ఆమోదించి, ఆపై లైసెన్సు ఒప్పందాల్లో షరతుగా చేర్చింది. సహేతుకమైన ట్రాఫిక్ నిర్వహణకు, ప్రత్యేక సేవలకు మినహాయింపులున్నాయి. ఈ ఏర్పాటును ప్రపంచంలోని గట్టి విధానాల్లో ఒకటిగా అప్పట్లో చాలామంది మెచ్చుకున్నారు.

ఇప్పుడు మొదట చెప్పిన తేడాకు వద్దాం. మన నెట్ న్యూట్రాలిటీ రెండు కాళ్ల మీద నిలబడింది. ధర విషయంలో ట్రాయ్ నిబంధన, వేగం విషయంలో లైసెన్సు షరతు. రెండింటిలో ఏదీ పార్లమెంటు చేసిన చట్టం కాదు.

ఇంత బాగా పనిచేస్తుంటే చట్టం ఎందుకు?

ఇది బలమైన ప్రశ్న. చట్టం వద్దనేవారి వాదన ఇలా ఉంటుంది: సాంకేతికత ఏటా మారుతుంది, చట్టం మారడానికి ఏళ్లు పడుతుంది. నియంత్రణ సంస్థ ప్రజలను అడిగి, త్వరగా, లోతుగా నిర్ణయించగలిగింది. అదే విషయం పార్లమెంటుకు వెళ్తే పెద్ద కంపెనీల ఒత్తిడితో బలహీనమైన చట్టం రావొచ్చు.

దీనికి మూడు సమాధానాలున్నాయి.

మొదటిది, నిబంధన కోర్టులో నిలవకపోవచ్చు. కాల్ డ్రాప్‌కు వినియోగదారుడికి ఒక రూపాయి చొప్పున, రోజుకు గరిష్ఠంగా మూడు కాల్స్‌కు పరిహారం ఇవ్వాలని ఇదే ట్రాయ్ నిబంధన చేసింది. 2016 మే 11న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ధరల వివక్ష నిబంధన వచ్చి అప్పటికి మూడు నెలలే. అంటే ట్రాయ్ నిబంధన ఎంత ప్రజాదరణ పొందినా, దానికి మాతృ చట్టంలో స్పష్టమైన పునాది లేకపోతే న్యాయపరీక్షలో కూలే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

రెండోది, లైసెన్సు అనేది ప్రభుత్వానికీ కంపెనీకీ మధ్య ఒప్పందం. మీరూ నేనూ అందులో పక్షం కాదు. ఒప్పందం చేసుకున్నవాళ్లే దాన్ని మార్చుకోగలరు. 1885 టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో వచ్చిన 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం లైసెన్సుల బదులు ఆథరైజేషన్ పద్ధతిని తెచ్చింది. దాని షరతులను కేంద్రం నిబంధనల ద్వారా నిర్ణయిస్తుంది. నెట్ న్యూట్రాలిటీకి ఆ చట్టంలో ప్రత్యేక సెక్షన్ లేదు. 138 ఏళ్ల తర్వాత మూల చట్టాన్ని కొత్తగా రాసే అవకాశం వచ్చినప్పుడు సూత్రాన్ని అందులో రాయలేదన్నది గమనించాలి.

మూడోది, అమెరికా అనుభవం. 2015లో అక్కడి సమాచార కమిషన్ టెలికాం సంస్థలను 1934 చట్టం కింద అందరికీ సమానంగా సేవ చేయాల్సిన రవాణాదారులుగా వర్గీకరించింది. ప్రభుత్వం మారాక 2017లో అదే కమిషన్ ఆ నియమాలను రద్దు చేసింది. మళ్లీ ప్రభుత్వం మారాక 2024లో తిరిగి తెచ్చింది. 2025 జనవరిలో అప్పీలు కోర్టు ఆ అధికారం కమిషన్‌కు లేదని కొట్టేసింది. పదేళ్లలో నాలుగు మలుపులు. ప్రతిసారీ కారణం ఒకటే: చట్టసభ స్పష్టంగా ఏమీ చెప్పకపోవడం. దీనికి భిన్నంగా చిలీ 2010లోనే చట్టం చేసింది. ఐరోపా సమాఖ్య 2015లో సభ్యదేశాలన్నింటికీ వర్తించే శాసనం చేసింది. అక్కడ వివాదాలు లేకపోలేదు. కానీ అవి మినహాయింపుల హద్దుల మీద నడుస్తాయి, సూత్రం ఉందా లేదా అన్నదాని మీద కాదు.

ప్రభుత్వమే వడ్డిస్తే?

ఈ భాగాన్ని చాలా జవాబులు వదిలేస్తాయి. పక్షపాతం కంపెనీల నుంచే వస్తుందని అనుకోవడం పొరపాటు.

2019 ఆగస్టులో జమ్మూకశ్మీర్‌లో ఇంటర్నెట్ నిలిపివేశారు. 2020 జనవరి 10న అనురాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు ఇంటర్నెట్ ద్వారా భావప్రకటనకు అధికరణ 19(1)(ఎ), వ్యాపార వృత్తులకు 19(1)(జి) కింద రక్షణ ఉందని, నిలిపివేత ఉత్తర్వులు ప్రచురించాలని, అవి దామాషా సూత్రానికి లోబడాలని చెప్పింది. ఆ తర్వాత సేవలు తిరిగి వచ్చాయి, కానీ 2జీ వేగంతో, అధికారులు అనుమతించిన సైట్ల జాబితాతో. జనవరి చివరి వారంలో ఆ జాబితాలో 301 సైట్లున్నాయి. మార్చిలో జాబితా పద్ధతి ఎత్తేశారు.

ఒక్క క్షణం ఆలోచించండి. ఎంపిక చేసిన సైట్లు మాత్రమే చూడగలిగే ఇంటర్నెట్. 2016లో ఒక కంపెనీకి మనం కుదరదన్నది ఇదే కదా! భద్రతా కారణాలు ఉండొచ్చు, వాటిని తక్కువ చేయనక్కర్లేదు. కానీ లైసెన్సు షరతు కంపెనీని కట్టడి చేస్తుంది గానీ, షరతు రాసిన ప్రభుత్వాన్ని కట్టడి చేయదు. ప్రభుత్వం చేతిని కూడా పట్టుకోగలిగేది పార్లమెంటు చట్టం, దాని వెనుక రాజ్యాంగం. ఆ సమయంలో పరీక్ష దరఖాస్తు నింపాల్సిన కశ్మీరీ అభ్యర్థి స్థానంలో మిమ్మల్ని మీరు ఊహించుకుంటే ఇది సిద్ధాంత చర్చ కాదని తెలుస్తుంది.

ముందున్న రెండు సవాళ్లు

ఒకటి, "న్యాయమైన వాటా" వాదన. ఎక్కువ ట్రాఫిక్ పుట్టించే పెద్ద యాప్‌లు నెట్‌వర్క్ ఖర్చులో వాటా ఇవ్వాలని మన టెలికాం కంపెనీలు అడుగుతున్నాయి. పెద్ద కంపెనీలు కడితే మనకేం నష్టం అనిపిస్తుంది. దక్షిణ కొరియాలో ట్రాఫిక్ పంపేవాడు చెల్లించే పద్ధతి 2016లో వచ్చింది. నెట్‌వర్క్ రుసుములు భరించలేనంతగా ఉన్నాయంటూ ట్విచ్ అనే వీడియో వేదిక 2024 ఫిబ్రవరిలో ఆ దేశం నుంచి వెళ్లిపోయింది. దారి కూలి పెద్దవాడికి ఖర్చు, చిన్నవాడికి గోడ.

రెండు, 5జీ. ఇందులో ఒకే నెట్‌వర్క్‌ను వేర్వేరు అవసరాలకు ముక్కలుగా విభజించవచ్చు. దూరం నుంచి చేసే శస్త్రచికిత్సకూ సినిమా చూడటానికీ ఒకే వేగం అక్కర్లేదు, నిజమే. ఇక్కడే ఎక్స్‌ప్రెస్ టెలిగ్రాం గుర్తుకు రావాలి. ఆ ప్రత్యేక మార్గం అర్హత ఉన్న ఏ ఆస్పత్రికైనా ఒకే షరతులతో దొరికితే అది సేవల మధ్య తేడా. ఒక ఆస్పత్రి గొలుసుకే దొరికితే అది మనుషుల మధ్య తేడా. చట్టం ఈ గీతను గీయాలి.

చట్టానికి ఒక పరిమితి కూడా ఉంది. యాప్ స్టోర్‌లో, వెతుకులాట ఫలితాల్లో జరిగే పక్షపాతాన్ని నెట్ న్యూట్రాలిటీ ఆపలేదు. ఆండ్రాయిడ్ విషయంలో గూగుల్‌కు 2022 అక్టోబరులో 1,337.76 కోట్ల జరిమానా వేసింది కాంపిటీషన్ కమిషన్. అది వేరే రోగం, వేరే మందు.

జవాబు ఎలా ముగించాలి?

నా అభిప్రాయం దాచుకోను. చట్టం కావాలి, అయితే అది పొట్టిగా ఉండాలి. అందులో నాలుగు అంశాలు చాలు:

1. పంపేవారిని, కంటెంట్‌ను, యాప్‌ను బట్టి ఆపడం, నెమ్మదింపజేయడం, ధర మార్చడం నిషిద్ధం అన్న సూత్రం.
2. ట్రాఫిక్ నిర్వహణ, ప్రత్యేక సేవలు, అత్యవసర పరిస్థితి అనే మినహాయింపులు. వాటి వివరాలు ట్రాయ్ నిబంధనల్లో ఉండాలి.
3. దర్యాప్తు చేసే అధికారం ట్రాయ్‌కు, ఫిర్యాదు చేసే హక్కు మామూలు వినియోగదారుడికి.
4. ప్రభుత్వ ఉత్తర్వులకు కూడా ఇదే సూత్రం. మినహాయించాలంటే కారణాలు రాసి, గడువు పెట్టి, ప్రచురించాలి.

సూత్రం పార్లమెంటుది, వివరాలు నియంత్రణ సంస్థవి. ఇలా ఉంటే "చట్టం మారడానికి ఏళ్లు పడుతుంది" అన్న అభ్యంతరానికీ జవాబు దొరుకుతుంది. మీరు దీనితో ఏకీభవించకపోవచ్చు. "నిబంధనలే చాలు" అని రాసినా మంచి మార్కులు వస్తాయి, కాల్ డ్రాప్ తీర్పుకూ అమెరికా మలుపులకూ మీ దగ్గర సమాధానం ఉంటే.

1890లో మనకు సూత్రం ఉంది, దాన్ని అమలు చేసే చేయి లేదు. ఈరోజు చేయి ఉంది, దాని వెనుక సూత్రం చట్టంలో లేదు. రెండూ కలిసే రోజు వరకు మన సమాన దారి కుర్చీలో కూర్చున్నవారి మంచితనం మీద ఆధారపడి ఉంటుంది. 2015లో 10 లక్షల మంది ఈమెయిల్ రాశారు కాబట్టి ఈ దారి మిగిలింది. ప్రతిసారీ అంతమంది రాయాల్సిన అవసరం లేకుండా చేయడానికే చట్టం.

ఈ ప్రశ్నకు 250 పదాల్లో మీ జవాబు రాసి చూసుకోండి. మొదటి పేరాలో "చట్టం", "నిబంధన", "షరతు" అనే మూడు మాటలూ సరైన చోట పడ్డాయో లేదో మీరే దిద్దుకోండి.